కిబాలే అడవిలో చింపాంజీల నడక: అమ్మతో, పదేళ్ల బాబుతో వెళ్లవచ్చా?

గోదావరిగట్టు

అందరికీ నమస్కారం. మా అన్నయ్య, వదిన కొంతకాలంగా కంపాలాలో ఉంటున్నారు. జనవరిలో అమ్మను, మా బాబును తీసుకుని వాళ్లింటికి వెళ్తున్నాము. అమ్మకు 64 ఏళ్లు, బాబుకు పదేళ్లు. అమ్మ ఏటా అలిపిరి మెట్లదారిన కొండ ఎక్కుతుంది కాబట్టి నడక విషయంలో ఆమె గురించి నాకు బెంగ లేదు. ఉగాండా పడమటి భాగంలో ఉన్న కిబాలే జాతీయ ఉద్యానవనంలో చింపాంజీలను చూడాలన్నది బాబు కోరిక. అడవిలో తీరికగా నడవాలన్నది నా కోరిక.

అన్నయ్య ఒక ట్రావెల్స్ వారిని అడిగితే, తెల్లవారక ముందే కంపాలా నుంచి బయలుదేరి, మధ్యాహ్నం చింపాంజీలను చూపించి, అదే రాత్రికి ఇంటికి చేరుస్తామన్నారట. ఇది సాధ్యమేనా? బాబును లోపలికి రానిస్తారా? జనవరిలో వానలు ఉంటాయా? అక్కడికి వెళ్లివచ్చినవారు వివరంగా రాస్తే మాకు చాలా ఉపకారం చేసినవారవుతారు.

కంపాలావాసి

గోదావరిగట్టు గారికి, ముందుగా ఆ ఒక్కరోజు ప్రయాణం ఆలోచనను మానుకోమని మీ అన్నయ్యగారికి చెప్పండి. కంపాలా నుంచి ఫోర్ట్ పోర్టల్ దాదాపు 300 కిలోమీటర్లు ఉంటుంది. దారి బాగానే ఉన్నా, నగరం దాటేసరికే ఒక్కోసారి గంటకు పైగా పడుతుంది కాబట్టి అయిదు గంటలకు తక్కువ లెక్క వేసుకోకూడదు. చింపాంజీల నడక మొదలయ్యే కన్యాంచు కేంద్రం ఫోర్ట్ పోర్టల్‌కు దక్షిణంగా మరో 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. రానూపోనూ పన్నెండు గంటలు కారులో కూర్చుని, మధ్యలో మూడు నాలుగు గంటలు అడవిలో నడిచి, రాత్రిపూట లారీల మధ్య తిరిగి రావడం పెద్దావిడకు గానీ, పిల్లవాడికి గానీ, కారు నడిపే మనిషికి గానీ మంచిది కాదు. కనీసం రెండు రాత్రులు ఫోర్ట్ పోర్టల్‌లోనో, పార్కు పక్కనున్న బిగోడి ఊరిలోనో బస చేయండి.

ముబెండే, క్యెంజోజో మీదుగా వెళ్లే ఆ రోడ్డు ఫోర్ట్ పోర్టల్ చేరకముందే సెబిటోలి దగ్గర పార్కు ఉత్తర భాగాన్ని చీల్చుకుంటూ పోతుంది. అక్కడ చింపాంజీలు, బబూన్లు రోడ్డు దాటుతాయి. వాహనాల కింద పడి చింపాంజీలు చనిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. కాబట్టి ఆ కొద్ది దూరం నెమ్మదిగా నడపమని డ్రైవరుకు ముందే చెప్పండి. బబూన్లు కారు దగ్గరకు వచ్చినా అరటిపండ్లు విసరవద్దు. తిండి కోసం రోడ్డెక్కడం అలవాటైన జంతువు ఎప్పుడో ఒకప్పుడు ఆ రోడ్డు మీదే ప్రాణం పోగొట్టుకుంటుంది.

ఇక బాబు సంగతి. చింపాంజీల నడకకు పదేళ్ల పిల్లలను అనుమతించరు. ఈ నియమానికి సడలింపు ఉండదు, ఎవరైనా ట్రావెల్స్ వారు చూసుకుంటామని చెబితే నమ్మవద్దు. విదేశీ పర్యాటకులకు పర్మిట్ రుసుమును 2024 జూలైలో మనిషికి 250 అమెరికన్ డాలర్లు చేశారు. ఉగాండాలో నివాస అనుమతి ఉన్న విదేశీయులకు కొంత తగ్గుతుంది కాబట్టి అన్నయ్యగారు, వదినగారు తమ కార్డులు చూపించాలి. రోజుకు ఇచ్చే పర్మిట్లు పరిమితం, జనవరిలో రద్దీ ఎక్కువ. కంపాలాలోని ఉగాండా వన్యప్రాణి సంస్థ కార్యాలయంలో నేరుగా కొనుక్కోవచ్చు.

వానల విషయానికొస్తే మార్చి నుంచి మే వరకు, మళ్లీ సెప్టెంబరు నుంచి నవంబరు వరకు ఎక్కువగా పడతాయి. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు తెరిపి కాలం. అయినా అది వర్షారణ్యం కాబట్టి రెయిన్‌కోటు లేకుండా వెళ్లకూడదు.

ముక్కుసూటి

నా అభిప్రాయం వేరు. ఒక్క గంట చూడటానికి మనిషికి 250 డాలర్లంటే మన డబ్బులో ఇరవై వేల రూపాయలు దాటుతుంది. ఆకుల మధ్య ఎక్కడో నల్లగా కదిలే ఆకారాన్ని మెడ నొప్పి పుట్టేలా చూసి రావడానికి అంత ఖర్చు అవసరమా? అదే సొమ్ముతో మర్చిసన్ జలపాతం దగ్గరకో, క్వీన్ ఎలిజబెత్ పార్కుకో వెళ్తే కారులో కూర్చునే ఏనుగులు, సింహాలు, నీటిగుర్రాలు చూడవచ్చు. పదేళ్ల పిల్లవాడిని కూడా వెంట తీసుకెళ్లవచ్చు. కుటుంబమంతా కలిసి చూసే దానికే నేను ఓటు వేస్తాను.

అడవిబాట

ముక్కుసూటి గారూ, కుటుంబమంతా కలిసి ఉండాలన్న మీ మాట సబబైనదే. అయితే కిబాలేను ఒక గంట చింపాంజీ దర్శనంగా లెక్క కట్టడం ఆ అడవికి అన్యాయం చేయడమే అవుతుంది. వానరాల మీద పరిశోధన చేసే బృందంతో కొంతకాలం అక్కడ పనిచేశాను కాబట్టి కాస్త విస్తారంగా రాస్తున్నాను, అందరూ ఓపిక పట్టాలి.

కిబాలే వైశాల్యం సుమారు 795 చదరపు కిలోమీటర్లు. 1932లో రక్షిత అటవీ ప్రాంతంగా ప్రకటించారు, 1993లో జాతీయ ఉద్యానవనమైంది. సముద్రమట్టానికి 1,100 నుంచి 1,600 మీటర్ల మధ్య ఎత్తులో, ఉత్తరాన ఎత్తుగా మొదలై దక్షిణానికి వాలుతూ పోతుంది. భూమధ్యరేఖ దగ్గరే ఉన్నా ఉదయం పూట చలి వేస్తుంది. ఈ ఒక్క అడవిలో పదమూడు రకాల వానర జాతులున్నాయి. చింపాంజీలు సుమారు 1,500 ఉంటాయని అంచనా, ఉగాండాలో మరే అడవిలోనూ ఇన్ని లేవు. అంతరించే ప్రమాదంలో ఉన్న ఉగాండా ఎర్ర కొలోబస్ కోతులు కూడా అన్నిటికంటే ఎక్కువగా ఇక్కడే మిగిలాయి. వాటి మీద థామస్ స్ట్రుసేకర్ 1970లో పరిశోధన మొదలుపెట్టారు. ఉత్తర భాగంలోని కన్యావరలో ఇప్పుడు మకెరెరే విశ్వవిద్యాలయం వారి పరిశోధన కేంద్రం ఉంది. రిచర్డ్ రాంగమ్ 1987 నుంచి అక్కడి చింపాంజీలను అధ్యయనం చేస్తూ వచ్చారు. అడవి నడిమధ్య ఉన్న ఎన్‌గోగోలో దాదాపు రెండు వందల చింపాంజీలు ఒకే సమూహంగా బతికాయి. శాస్త్రజ్ఞులకు తెలిసినంతలో అంతకంటే పెద్ద సమూహం మరెక్కడా లేదు, తరువాత అది రెండుగా చీలిపోయింది. ఆ రెండు చోట్లా పర్యాటకులకు చింపాంజీల నడక లేదు. పర్యాటకులు చూసేది కన్యాంచు పరిసరాల్లో మనుషులకు అలవాటు పడిన సమూహాన్ని.

ఆ నడక ఎలా ఉంటుందో చెబుతాను. ఉదయం కేంద్రంలో నియమాలు వివరించి, ఆరుగురికి మించకుండా బృందాలుగా విడదీసి, ఒక్కో బృందాన్ని ఒక గైడు వెంట పంపుతారు. గైడు భుజాన తుపాకీ ఉంటుంది, అది ఏనుగు ఎదురైతే గాలిలోకి పేల్చి బెదిరించడానికే. మొదట బాట మీదే నడుస్తారు. గైడు ఉన్నట్టుండి ఆగి చెవి ఒగ్గుతాడు. దూరంగా ఒక చింపాంజీ మెల్లగా మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ కేకగా మార్చే హూంకారం వినిపిస్తుంది, దానికి మరో దిక్కు నుంచి జవాబు వస్తుంది. కొన్నిసార్లు మగ చింపాంజీ పెద్ద మాను మొదట్లో గోడల్లా లేచిన వేర్లను అరచేతులతో, పాదాలతో దబదబా బాదుతుంది. ఆ మోత కిలోమీటరు దూరం నుంచి కూడా తెలుస్తుంది. అప్పుడు గైడు బాట వదిలి పొదల్లోకి దిగుతాడు, మీరు అతని వెనకే నడవాలి.

అవి చెట్టు మీద ఉన్నప్పుడు మెడ నొప్పి పుట్టేది నిజమే. కానీ చూడవలసినది పండిన మేడిచెట్టు కిందే ఉంటుంది. చింపాంజీ మేడిపండ్లను నోటి నిండా కుక్కుకుని, కింది పెదవిని ముందుకు సాచి, పండ్ల ముద్దను దానికీ పళ్లకీ మధ్య నొక్కి రసం పీల్చి, మనం చెరకు నమిలి పిప్పి ఉమ్మినట్టే ఆ పిప్పిని కిందికి వదిలేస్తుంది. చెట్టు కింద ఆ ముద్దలు తడితడిగా పడి ఉంటాయి. ఒక ముద్దను వంగి చూస్తే పళ్ల అచ్చులు కూడా కనిపిస్తాయి, అయితే చేత్తో తాకకూడదు. అవి మింగిన విత్తనాలు పేడతో పాటు దూరదూరాల్లో పడి మొలకెత్తుతాయి కాబట్టి ఆ అడవి చెట్లలో ఎన్నిటినో పరోక్షంగా నాటినవి చింపాంజీలే. కడుపులో పురుగులున్నప్పుడు కొన్ని గరుకు ఆకులను నమలకుండా మడిచి మింగడం కూడా కన్యావరలో గమనించారు. సాయంత్రమయ్యేసరికి ప్రతి పెద్ద చింపాంజీ కొమ్మలు వంచి, ఆకులు పరిచి, ఆ రాత్రికి కొత్తగా పడక కట్టుకుంటుంది. తల పైకెత్తి ఆ పాత పడకలను వెతకడం నేర్చుకుంటే, చింపాంజీలు కనిపించని గంటలో కూడా వాటి ఊరిలోనే తిరుగుతున్నామని తెలుస్తుంది.

చాలామందికి అవి కనిపిస్తాయి, కానీ ఎవరూ హామీ ఇవ్వలేరు. పండ్లు ఎక్కడుంటే అవి అక్కడికి పోతాయి. నేల మీద నడుస్తున్న గుంపు దొరికితే పొదల మధ్య పరుగులాంటి నడక తప్పదు. అమ్మగారికి మెట్లు ఎక్కే అలవాటుంది కాబట్టి ఊపిరి విషయంలో ఇబ్బంది ఉండదు. అయితే మెట్లలా సమంగా ఉండే నేల కాదది. వేర్లు, జారే ఆకులు, లోయల్లో బురద ఉంటాయి. ఆమెకు మోకాళ్ల నొప్పి లేకపోతేనే వెళ్లమని నా సలహా.

పక్షిప్రియ

బాబును వదిలి వెళ్లడమెలా అన్న దిగులు మీకు అక్కరలేదు. కన్యాంచుకు కొద్ది కిలోమీటర్ల దూరంలో బిగోడి చిత్తడినేల ఉంది, అక్కడికి పిల్లలు, పెద్దలు కలిసి వెళ్లవచ్చు. నన్నడిగితే బాబుకు చింపాంజీల నడక కంటే అదే ఎక్కువ నచ్చుతుంది.

ఆ చిత్తడినేలను ఊరివాళ్లే 1992లో క్యాఫ్రెడ్ అనే సంఘంగా ఏర్పడి కాపాడుకుంటున్నారు. గైడ్లు ఆ ఊరివాళ్లే. నడకకు వసూలు చేసే డబ్బుతో ఊరిలో ఉన్నత పాఠశాల పెట్టుకున్నారు. మనిషెత్తుకు మించిన పాపిరస్ జమ్ము మధ్య నుంచి, బురద మీద వేసిన చెక్కల వంతెన మీదుగా, తోటల అంచు వెంబడి రెండు మూడు గంటల నడక ఉంటుంది. ఎర్ర కొలోబస్ కోతులు, నలుపు తెలుపు కొలోబస్ కోతులు, ఎర్రతోక కోతులు, బూడిదరంగు బుగ్గల మాంగబేలు అక్కడ తరచుగా కనిపిస్తాయి. అడవి లోపల కంటే ఇక్కడ వెలుతురు ఎక్కువ కాబట్టి పిల్లలకు చూపించడం కూడా తేలిక.

పక్షులు రెండు వందల రకాల దాకా ఉన్నాయి. బాబుకు ముందుగా నీలి టురాకోను చూపించమని గైడును అడగండి. అది చాలా పెద్ద పక్షి. ఒంటి పైభాగమంతా నీలం, నెత్తిన నల్లటి కుచ్చు, పసుపుపచ్చ ముక్కుకు ఎర్రటి కొస ఉంటాయి. అంత పెద్ద ఒళ్లు వేసుకుని ఎగరడం దానికి కష్టం కాబట్టి కొమ్మల మీద ఉడతలా పరుగెత్తి, చివరికి చేరాక పక్క చెట్టు మీదికి జారినట్టుగా ఎగురుతుంది. సాధారణంగా గుంపుగానే ఉంటాయి, ఒకటి దూకితే మిగిలినవన్నీ వరసగా అదే కొమ్మ మీది నుంచి దూకుతాయి.

పక్షుల మీద నిజమైన ఆసక్తి ఉన్నవారికి మరో మాట. కిబాలేలో ఆకుపచ్చ రొమ్ము పిట్టా అనే పక్షి ఉంది. దాన్ని చూడటానికే ప్రపంచం నలుమూలల నుంచి మనుషులు వస్తారు. తెల్లవారకముందే గైడుతో అడవిలోకి వెళ్లాలి. అది తక్కువ ఎత్తు కొమ్మ మీద కూర్చుని, ఉన్నచోటనే పైకెగిరి దిగుతూ కూస్తుంది. వెలుగు వచ్చాక నేల మీది ఆకుల్లో కలిసిపోతే ఇక దొరకదు. బైనాక్యులర్స్ ఎక్కడైనా అరువు తెచ్చుకోండి, కెమెరా కంటే అదే ముఖ్యం.

వైద్యమిత్ర

నడక గురించి మిత్రులు చక్కగా రాశారు. ఆరోగ్యం గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఉగాండా వెళ్లాలంటే పచ్చజ్వరం టీకా ధ్రువపత్రం తప్పనిసరి. తిరిగి భారతదేశంలో దిగేటప్పుడు కూడా అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తించిన కేంద్రాల్లో వేయించుకున్న టీకా మాత్రమే చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. టీకా వేయించుకున్న పది రోజుల తరువాత గాని ధ్రువపత్రం అమలులోకి రాదు కాబట్టి చివరి వారం దాకా ఆగకండి. ఒకసారి వేయించుకుంటే జీవితకాలం చెల్లుతుంది.

మీ అమ్మగారి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. అరవై ఏళ్లు దాటాక ఈ టీకాను మొదటిసారి వేయించుకునేవారికి తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చే అవకాశం చిన్నవారితో పోలిస్తే ఎక్కువ. అది అరుదే అయినా, ఆమెకున్న జబ్బులు, వాడే మందులు అన్నీ తెలిసిన వైద్యుడు పరిశీలించి నిర్ణయించాలి. గుడ్డు పడనివారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు కూడా ముందుగానే చెప్పాలి. టీకా వేయకూడదని వైద్యుడు తేలిస్తే మినహాయింపు పత్రం ఇస్తారు. అయితే అప్పుడు ఆమెకు ఆ జ్వరం నుంచి రక్షణ ఉండదన్న సంగతి కూడా ఆలోచించుకోవాలి.

మలేరియా ఏడాది పొడవునా ఉంటుంది. నివారణ మాత్రలు ప్రయాణానికి ముందే మొదలుపెట్టి, వచ్చాక కూడా వైద్యుడు చెప్పినన్ని రోజులు వాడాలి. తిరిగి వచ్చాక కొన్ని నెలల లోపు జ్వరం వస్తే, ఉగాండా వెళ్లివచ్చామని వైద్యునితో మొదటి మాటగా చెప్పండి.

గోదావరిగట్టు

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఒక్కరోజు ప్రయాణం రద్దు చేసుకున్నాము. అమ్మను టీకా విషయమై మా డాక్టరుగారికి చూపిస్తాను. మరో సందేహం ఉంది. పర్మిట్లు ముందే కొనాలి, ఆ డబ్బు తిరిగి రాదని అన్నయ్య అంటున్నాడు. తీరా వెళ్లే రోజున మాలో ఒకరికి కాస్త జలుబు చేస్తే ఏం చేయాలి? జ్వరం లేకుండా ముక్కు కారడం మాత్రమే ఉంటే మాస్కు పెట్టుకుని వెళ్లవచ్చు కదా? నాకు చలిగాలి తగిలితే తుమ్ములు వస్తాయి, అందుకే అడుగుతున్నాను.

అడవిబాట

వెళ్లకూడదు. మర్యాదగా చెప్పినా, గట్టిగా చెప్పినా ఇదే నా సమాధానం.

2013లో కన్యావర చింపాంజీల్లో దగ్గు, ఊపిరి ఆడకపోవడం మొదలైంది. ఆ సమూహంలో ఉన్నవి 56, వాటిలో అయిదు చనిపోయాయి. రెండేళ్ల పిల్ల ఒకటి చనిపోతే శవపరీక్ష చేశారు. దాని ఊపిరితిత్తుల్లో దొరికినది రైనోవైరస్ సి, అంటే మనుషుల పిల్లలకు జలుబు తెప్పించే వైరస్. మన బడుల్లో పిల్లలు ముక్కు తుడుచుకుంటూ ఆడుకునే జబ్బే అక్కడ అయిదు ప్రాణాలు తీసింది. పదేళ్ల పిల్లలను ఎందుకు రానివ్వరన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. పిల్లల్లో ఇలాంటి వైరస్‌లు ఎక్కువగా తిరుగుతుంటాయి, లక్షణాలు బయటపడకముందే అంటుకుంటాయి.

ఆడ చింపాంజీ సాధారణంగా అయిదారేళ్లకు ఒక పిల్లను కంటుంది. ఒకే జబ్బుకు అయిదు పోతే ఆ లోటు పూడటానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్క వేసుకోండి. మాస్కు ఆరోగ్యంగా ఉన్నవారికి అదనపు జాగ్రత్త మాత్రమే, అది జబ్బుతో ఉన్నవారికి అనుమతి పత్రం కాదు. వాటికి కొన్ని గజాల దూరంలో ఆగిపోవాలని గైడు చెబుతాడు. చింపాంజీయే మీ వైపు నడిచి వస్తే మీరు వెనక్కు జరగాలి, ఫోటో కోసం అక్కడే నిలబడకూడదు. అడవిలో ఉమ్మకూడదు, తినకూడదు. తుమ్ము వస్తే ముఖం తిప్పి మోచేతి మడతలో తుమ్మాలి.

వైద్యమిత్ర

అడవిబాట గారి మాటను వైద్యునిగా పూర్తిగా సమర్థిస్తున్నాను. చలిగాలికి వచ్చే తుమ్ములు అలర్జీ వల్లనా, వైరస్ వల్లనా అన్నది ఆ ఉదయం మీకే స్పష్టంగా తెలియకపోవచ్చు. అలర్జీ అయితే ప్రయాణానికి ముందే మందు మొదలుపెట్టి అదుపులో ఉంచుకోండి. గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, జ్వరం, దగ్గు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగిపోండి. ఆ సంగతి కేంద్రంలో ఉన్నది ఉన్నట్టు చెప్పి, పర్మిట్ విషయంలో ఏం చేయగలరో వారినే అడగండి.

ముక్కుసూటి

ఈ అయిదు చింపాంజీల సంగతి చదివాక నా వాదనలో ఒక భాగం ఇంకా బలపడింది. మనం చూడటం వల్లనే వాటికి ఇంత ప్రమాదమైతే అసలు చూడటం దేనికి? అడవిని మూసి వదిలేయడమే మంచిది కదా?

రైతుబిడ్డ

ముక్కుసూటి గారి ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానం అడవి లోపల కంటే అంచున ఉందని నా నమ్మకం. నేను వ్యవసాయ సహకార రంగంలో పనిచేస్తూ ఆ జిల్లాల్లో తిరిగినవాడిని.

కిబాలే చుట్టూ ఖాళీ స్థలం లేదు. ఒక పక్క తేయాకు తోటలు, మిగిలిన పక్కలంతా అరటి, మొక్కజొన్న, చిలగడదుంప పండించుకునే చిన్న రైతుల కమతాలు ఆనుకుని ఉన్నాయి. రాత్రికి రాత్రి ఏనుగులు దిగితే ఏడాది పంట పోతుంది, పగలు బబూన్లు మొక్కజొన్న కండెలు విరుచుకుపోతాయి. పొలం కాపలాకు పిల్లలు బడి మానుకుని కూర్చోవడం నేను చూశాను. తేయాకును ఏనుగులు తినవు కాబట్టి తోట అడ్డున్న ఊళ్లు కొంత నయం. మిగిలిన చోట్ల ఏనుగులు దాటలేని కందకాలు తవ్వారు, ఏటా పూడిక తీయకపోతే అవీ పనిచేయవు. 1992లో కిబాలేకు, క్వీన్ ఎలిజబెత్ పార్కుకు మధ్య జంతువులు రాకపోకలు సాగించే నడవాలో స్థిరపడిన వేల మందిని ప్రభుత్వం ఖాళీ చేయించింది. ఆ బాధ అనుభవించిన కుటుంబాలు ఇప్పటికీ ఆ ప్రాంతంలో ఉన్నాయి. నల్లమలలోనో, పాపికొండల్లోనో జనాన్ని తరలించిన చరిత్ర తెలిసిన మనకు ఆ నొప్పి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

అడవిపందుల కోసం, చిన్న జింకల కోసం తీగ ఉచ్చులు పెడతారు. చింపాంజీ చేయి అందులో ఇరుక్కుంటే అది తీగను తెంపుకుని పోతుంది గాని ఉరి మణికట్టుకు బిగిసే ఉంటుంది, చివరికి చేయి కుళ్లి రాలిపోతుంది. ఆ ఉచ్చులు వెతికి తీసే దళాలు 1997 నుంచి తిరుగుతున్నాయి. అడవిని మూసేస్తే ఆ దళాల జీతాలు ఎక్కడి నుంచి వస్తాయి? పార్కు ప్రవేశ రుసుములో 20 శాతం చుట్టుపక్కల స్థానిక ప్రభుత్వాలకు ఇవ్వాలని ఉగాండా చట్టంలో ఉంది. అది చాలదని ఊరివాళ్లు అంటారు, అది నిజమే. అందుకే పార్కుకు కట్టిన డబ్బుతో సరిపెట్టుకోకుండా బిగోడిలో ఊరివాళ్ల గైడుకు, ఊరివాళ్ల పూటకూళ్లకు, మహిళలు అల్లిన బుట్టలకు నేరుగా నాలుగు రూపాయలు చేరేలా చూడండి. అడవి వల్ల నష్టపోయే ఇంటికి అడవి వల్లనే ఆదాయం వస్తే ఉచ్చు పెట్టే అవసరం తగ్గుతుంది.

భోజనం గురించి కూడా ఒక మాట. పచ్చి అరటికాయలను ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించి మెదిపిన మటోకే, దాని మీద వేరుశనగ గింజల పులుసు పెడతారు. మన గుంటూరు కారం ఉండదు గాని శాకాహారులకు ఇబ్బంది లేదు, అమ్మగారికి తప్పక నచ్చుతుంది.

ముక్కుసూటి

రైతుబిడ్డ గారూ, ఉచ్చుల సంగతి, 20 శాతం సంగతి నాకు తెలియవు. మూసేయాలన్న మాటను వెనక్కు తీసుకుంటున్నాను. అయితే రుసుము పెంచినప్పుడల్లా ఆ పెరిగిన దానిలో ఊళ్లకు ఎంత చేరుతోందన్న ప్రశ్న అడుగుతూనే ఉండాలని నా అభిప్రాయం.

రైతుబిడ్డ

తప్పకుండా అడగాలి. పర్మిట్ రుసుము వేరు, ప్రవేశ రుసుము వేరు, నేను చెప్పిన 20 శాతం ప్రవేశ రుసుములోది. అక్కడి రైతులు కూడా ఇదే అడుగుతున్నారు.

కంపాలావాసి

చర్చ మంచి దారిలో నడుస్తోంది. గోదావరిగట్టు గారి ప్రయాణానికి పనికొచ్చే మరికొన్ని విషయాలు చేరుస్తున్నాను.

ఫోర్ట్ పోర్టల్ ప్రాంతం టోరో రాజ్యానిది. అక్కడి బటోరో ప్రజలకు పేరుతో పాటు ఎంపాకో అనే మరో ముద్దుపేరు ఉంటుంది. అకీకి, అమూటి, అబ్వోలి, అడ్యేరి వంటి కొద్ది పేర్లే అందరూ పంచుకుంటారు, ఆప్యాయంగా పలకరించేటప్పుడు ఆ పేరుతోనే పిలుస్తారు. ఈ ఆచారాన్ని యునెస్కో 2013లో తన జాబితాలో చేర్చింది. మీరు కాస్త కలుపుగోలుగా ఉంటే గైడు మీకూ ఒక ఎంపాకో పెడతాడు. బాబుకు తప్పకుండా పెట్టించుకోండి.

రెండో రోజు మధ్యాహ్నం ఖాళీగా ఉంటే అగ్నిపర్వత బిలాల్లో నిలిచిన సరస్సులు చూడండి. పార్కుకు పడమటి పక్కన పదుల సంఖ్యలో ఉన్నాయి. ఎన్యినాంబుగా అనే సరస్సు బొమ్మ ఉగాండా 20,000 షిల్లింగుల నోటు మీద ఉంది. ఆ నోటును చేతిలో పట్టుకుని సరస్సుతో పోల్చి చూడటం పిల్లలకు సరదాగా ఉంటుంది.

దుస్తుల సంగతి. పొడుగు చేతుల చొక్కా, మందపాటి ప్యాంటు వేసుకుని, ప్యాంటు అంచులను మేజోళ్లలోకి దోపుకోవాలి. సియాఫు చీమలు నేల మీద వేళ్ల వెడల్పున నల్లటి దారగా సాగుతుంటాయి. గైడు చీమలని అరవగానే ఆగకుండా దాటేయాలి, ఆ దారలో నిలబడితే మోకాలి దాకా పాకి ఒక్కసారిగా కరుస్తాయి. దురద పుట్టించే ఆకులు కూడా ఉన్నాయి కాబట్టి ఆసరా కోసం కనిపించిన మొక్కనల్లా పట్టుకోకూడదు. పట్టు జారని మడమ కప్పే బూట్లు కొనుక్కుని, ముందే కొన్నాళ్లు తొడిగి అలవాటు చేసుకోండి.

గోదావరిగట్టు

మా ప్రణాళిక ఒక కొలిక్కి వచ్చింది. మొదటి రోజు కంపాలా నుంచి బయలుదేరి బిగోడిలో దిగుతాము. రెండో రోజు ఉదయం అన్నయ్య, నేను చింపాంజీల నడకకు వెళ్తాము. అదే సమయానికి వదిన, అమ్మ, బాబు ఊరి గైడుతో చిత్తడినేలకు వెళ్తారు. డాక్టరుగారు అమ్మ మందులన్నీ చూసి టీకా వేయించవచ్చని చెప్పారు. చింపాంజీల నడక మాత్రం అమ్మే వద్దనేసింది, పక్షుల గురించి చదివి వినిపించాక మనవడితో ఉంటానంది. మధ్యాహ్నం ఊరిలో మటోకే, ఆ తరువాత సరస్సులు. మూడో రోజు తిరుగు ప్రయాణం. జలుబు చేస్తే నేను వెళ్లను, పర్మిట్ పోయినా సరే. అన్నయ్య కూడా ఒప్పుకున్నాడు.

ఒక్కటే మిగిలింది. రాత్రి నడక కూడా ఉంటుందని వదిన విన్నదట. అది చేయదగినదేనా?

అడవిబాట

తప్పకుండా చేయండి. చీకటి పడగానే టార్చిలతో గంటన్నర, రెండు గంటలు నడిపిస్తారు. పగలు కనిపించని పొట్టో, బుష్‌బేబీ అనే చిన్న వానరాల కోసమే ఈ నడక. టార్చి వెలుగు తగిలితే వాటి కళ్లు మెరుస్తాయి. మెరుపు ఒకచోటే ఉండి నెమ్మదిగా జరుగుతుంటే పొట్టో, ఉన్నట్టుండి మాయమై మరో కొమ్మ మీద వెలిగితే బుష్‌బేబీ. కనిపించిన వెంటనే టార్చిని పక్కకు తిప్పేయాలి, ఎక్కువసేపు కళ్లలోకి వేస్తే వాటికి చూపు చెదిరి కొమ్మ తప్పుతాయి. చింపాంజీల నడక ఉన్న రోజునే కాకుండా బిగోడి చేరిన మొదటి రాత్రికి పెట్టుకోండి, లేకపోతే కాళ్లు మొరాయిస్తాయి. కన్యాంచులో ముందు రోజే పేరు నమోదు చేయించాలి, ఆ ఫోను పని మీ అన్నయ్యగారికి అప్పగించండి.